మామ్మ పాటలు ఇంట్లో రికార్డు చేస్తున్నా, గొంతు బావిలోంచి వచ్చినట్టుంది

కొబ్బరాకు
మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మా మామ్మకి 81 ఏళ్లు. నలుగు పాటలు, తలంబ్రాల పాటలు, అప్పగింతల పాటలు, మంగళహారతులు, వరి ఊడుపు పాటలు అన్నీ కలిపి వందకి పైనే వచ్చు. ఏదీ పుస్తకంలో చూసి నేర్చుకున్నది కాదు, వాళ్ల అత్తగారి పక్కన కూర్చుని నేర్చుకున్నవి. పోయిన సంక్రాంతికి ఒక అప్పగింతల పాట ఎత్తుకుని మూడో చరణం దగ్గర ఆగిపోయింది. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. మర్నాడు పొద్దున్న తనే చెప్పింది గానీ, ఆ రాత్రి నుంచి నాకు టెన్షన్ పట్టుకుంది.

జీతంలో మిగిల్చుకుని 3,800 పెట్టి ఒక యూఎస్‌బీ కండెన్సర్ మైకు కొన్నాను. గది పది బై పన్నెండు. శ్లాబు, కింద టైల్సు, రెండు కిటికీలు, ఒక ఇనుప బీరువా, ఒక మంచం. టేబుల్ మీద మైకు పెట్టి మామ్మని కుర్చీలో కూర్చోబెట్టి రికార్డు చేశాను. విన్నాక ఏడుపొచ్చింది. గొంతు బావిలోంచి వస్తున్నట్టుంది. వెనక ఫ్యాను గరగర, దాని కింద సన్నగా గుయ్యిమని ఒక మోత. ఫోన్లో తీసిన పాత వీడియోలోనే మాటలు ఇంతకంటే తెలుస్తున్నాయి.

ఇంకో నాలుగు వేల వరకు పెట్టగలను, అంతకు మించి నా వల్ల కాదు. మైకు మార్చాలా, సౌండ్ కార్డు కొనాలా?

తణుకు_తబలా
మైకు మార్చేయండి. కండెన్సర్‌కి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు వైరులోంచే మైకుకి వెళ్లే కరెంటు) లేకపోతే సరిగ్గా పనిచేయదు. కొంచెం ఆగి ఇంకో నాలుగు వేలు కూడబెట్టుకుని ఒక ఇంటర్‌ఫేసు (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె, మీరన్న సౌండ్ కార్డే), ఒక ఎక్స్‌ఎల్‌ఆర్ మైకు (మూడు పిన్నుల వైరుది) తీసుకోండి. నేను అలాగే చేశాను.

మైక్‌సెట్_రావులపాలెం
ఇప్పుడే ఏమీ కొనకమ్మా. పెళ్లిళ్లకీ తీర్థాలకీ మైకుసెట్టు కడుతూ 30 ఏళ్లు గడిపాను. గొంతు బావిలోంచి వచ్చిందంటే పదిలో తొమ్మిదిసార్లు తప్పు మైకుది కాదు, గదిది. ఆ గది మధ్యలో నిలబడి ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టు. టప్పుమని ఆగిపోతే మంచిదే. టర్ర్‌మని తోక సాగితే, ఆ తోకే నీ రికార్డింగులో వినపడుతోంది. మామ్మగారి నోటికీ మైకుకీ ఎంత దూరం పెట్టావు?

కొబ్బరాకు
కొట్టి చూశాను బాబాయ్ గారూ. తోక ఉంది, గోడకీ గోడకీ మధ్య బంతి కొట్టుకుంటున్నట్టుంది. ఇన్నేళ్లూ ఆ గదిలోనే పడుకుంటున్నా ఎప్పుడూ గమనించలేదు. దూరం రెండున్నర అడుగులుంటుంది. దగ్గరగా పెడితే మామ్మ మైకుని చూసి బిగుసుకుపోతోంది.

భీమవరం_ఫిజిక్స్
రావులపాలెం గారు చెప్పింది అక్షరాలా నిజం. ఎందుకో చెప్తాను.

మైకులోకి రెండు రకాల శబ్దం వెళ్తుంది. నోట్లోంచి తిన్నగా వచ్చేది ఒకటి. గోడలకీ టైల్సుకీ బీరువాకీ తగిలి కాస్త ఆలస్యంగా వచ్చేది రెండోది. దూరం రెట్టింపైన కొద్దీ తిన్నగా వచ్చేది 6 డెసిబెల్స్ చొప్పున పడిపోతుంది. గోడల నుంచి తిరిగొచ్చేది మాత్రం గదిలో మైకు ఎక్కడున్నా దాదాపు ఒకేలా ఉంటుంది. మీరు 30 అంగుళాల నుంచి ఏడున్నర అంగుళాలకి తెస్తే దూరం రెండుసార్లు సగమైనట్టు, అంటే గోడల మోత మీద గొంతుకి 12 డెసిబెల్స్ ఆధిక్యం వస్తుంది. దీనికి ఖర్చు సున్నా. నాలుగు వేల సౌండ్ కార్డు ఈ పని చేయలేదు.

తణుకు గారూ, 48 వోల్టులు కావాల్సింది ఎక్స్‌ఎల్‌ఆర్ కండెన్సర్లకి. యూఎస్‌బీ మైకుకి కంప్యూటర్ నుంచి వచ్చే 5 వోల్టులు చాలు, మిగతాది లోపలి సర్క్యూటే చూసుకుంటుంది.

తణుకు_తబలా
యూఎస్‌బీ అన్న మాట చదవకుండా రాసేశాను మాస్టారూ, ఒప్పుకుంటున్నా. కానీ స్టేజీల మీద వాడే డైనమిక్ మైకైతే గది వినపడదు కదా? మా భజన మండలిలో అందరూ అదే అంటారు. రావులపాలెం బాబాయ్ దగ్గర అలాంటివి డజను ఉంటాయి, ఒకటి ఇప్పించండి!

మైక్‌సెట్_రావులపాలెం
ఇస్తాను ఆయ్, దానికేముంది. కానీ ఆ అమ్మాయి దానికి మళ్లీ ఇంటర్‌ఫేసు కొనాలి.

భీమవరం_ఫిజిక్స్
డైనమిక్ మైకు గదిని వినదన్న మాట సగమే నిజం. స్టేజీ మీద దాన్ని పెదాలకి ఆనించి పాడతారు కాబట్టి గది వినపడదు. అదే మైకుని రెండున్నర అడుగుల దూరంలో పెడితే అదీ బావిలోంచే వినిపిస్తుంది. పైగా డైనమిక్ నుంచి వచ్చే సిగ్నల్ చిన్నది. 81 ఏళ్ల గొంతు సన్నగా ఉంటుంది, గెయిన్ (మైకు సిగ్నల్‌ని పెంచే మీట) బాగా పెంచాలి, చౌక ఇంటర్‌ఫేసులో అంత పెంచితే బుస్సుమనే హిస్సు వస్తుంది. ఈ పనికి ఆవిడ దగ్గర ఉన్న మైకే మేలు.

కడియం_పూలతోట
గది సంగతి వచ్చింది కాబట్టి నా అనుభవం చెప్తాను, ఇంకెవరూ ఈ పని చేయకండి. నా గదికి గుడ్ల అట్టలు అంటించాను. కోళ్ల ఫారం నుంచి అట్టలు తెచ్చి, రెండు ఆదివారాలు కూర్చుని మూడు గోడలు నింపాను. చప్పట్లు కొడితే టర్ర్ కొంచెం మెత్తబడింది అంతే, గొంతు మాత్రం అలాగే బోలుగా ఉంది. వానాకాలం వచ్చేసరికి అట్టలు చెమ్మ పట్టి వాసన, వెనకాల బొద్దింకలు. పీకితే సున్నం కూడా ఊడొచ్చింది.

భీమవరం_ఫిజిక్స్
పల్చటి అట్ట పైస్థాయి శబ్దాన్ని కాస్త చెదరగొడుతుంది గానీ పీల్చుకోదు. పీల్చుకోవాలంటే గాలి దూరే మెత్తటి మందం కావాలి. 1000 హెర్ట్జ్ శబ్దానికి తరంగం పొడవు 34 సెంటీమీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే ఎనిమిదిన్నర సెంటీమీటర్ల మందం ఉంటే అది బాగా పీల్చుకుంటుంది. 500 హెర్ట్జ్‌కి 17 సెంటీమీటర్లు కావాలి. అంత మందం లేకపోతే గుడ్డని గోడకి అంటించకుండా ఒక జానెడు ముందుకి వేలాడదీయండి. వెనకున్న గాలి కూడా మందం లెక్కలోకే వస్తుంది.

నర్సాపురం_లేసు
మాస్టారు చెప్పిన లెక్క నాకు తెలీదు గానీ నేను చేసేది అదే. మా చర్చి పాటలు ఇంట్లోనే పాడి రికార్డు చేస్తాను. మంచానికీ గోడకీ మధ్య దండెం కట్టి దాని మీద రెండు బొంతలు వేస్తాను. పాత చీరలు కుట్టిన బొంతలు, బరువుగా ఉంటాయి. ఇంకోటి నా వీపు వెనక ఉంటుంది. అదే ముఖ్యం. మొదట్లో నేను మైకు వెనక బొంత పెట్టి, నా వెనక గోడని వదిలేసేదాన్ని. ఏమీ తేడా రాలేదు. మైకు ముఖం నా వైపు కదా, అది నన్నూ చూస్తుంది, నా వెనక గోడనీ చూస్తుంది. వీపు వెనక బొంత వేసిన రోజు గొంతు చెవి దగ్గరికి వచ్చేసింది.

పాప్ ఫిల్టర్ కొనకండి. ఎంబ్రాయిడరీ చెక్క రింగుకి పల్చటి నైలాన్ గుడ్డ రెండు పొరలు బిగించి, మైకుకి నాలుగు వేళ్ల దూరంలో నిలబెట్టాను. ప, ఫ, భ అన్నప్పుడు వచ్చే గాలి దెబ్బ ఆగిపోతుంది. మొత్తం 60 రూపాయలైంది.

రాజోలు_గోదారి
ఇంత గొడవ ఎందుకండీ, రాజమండ్రి వెళ్లి గంటకి ఇంత అని స్టూడియో అద్దెకి తీసుకుంటే ఒక్క రోజులో అయిపోతుంది.

కొబ్బరాకు
మామ్మకి మోకాళ్ల నొప్పులు, బస్సు ఎక్కలేదు. కారు మాట్లాడినా కొత్తవాళ్ల ముందు పాడదు. ఇంట్లో కూడా మా నాన్నగారు గదిలో ఉంటే నలుగు పాటలు పాడదు, సిగ్గు. అది ఆడవాళ్ల పాట అంటుంది. ఒక్క రోజులో వంద పాటలు ఏ గొంతూ పాడలేదు కూడా. రోజుకి రెండు, మూడు. అందుకే ఇల్లే కావాలి.

రాజోలు_గోదారి
నిజమే, అది ఆలోచించలేదు. అయితే ఇంకో మాట. సాయంత్రాలు వద్దు. మా వైపు వాన పడిందంటే కప్పలు మేళం పెడతాయి, వాటికి శృతి కూడా తప్పదు.

ముక్తేశ్వరం_అత్తయ్య
తెల్లవారుజామున నాలుగున్నరకి చేయండి. కోడి కూయకముందు, గుడి మైకు మొదలవకముందు. చల్లగా ఉంటుంది, ఫ్యాను అక్కర్లేదు.

ఉండి_చెరువుగట్టు
అత్తయ్య గారూ, అది మీ కొబ్బరితోటల్లో కుదురుతుంది. మా వైపు తెల్లవారుజామే అన్నిటికంటే మోత. చేపల చెరువుల్లో ఆక్సిజన్ రాత్రంతా తగ్గుతూ తెల్లవారేసరికి బాగా పడిపోతుంది, అందుకని నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు రాత్రి నుంచి తెల్లారేదాకా ఆడుతూనే ఉంటాయి. ఎండ వచ్చాక ఆపుతారు. నేను మా పాప పద్యాలు రికార్డు చేసేది మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు లోపు. ఊరంతా భోజనం చేసి పడుకుంటుంది. ఎవరి ఊరి మోత వాళ్లు రెండు రోజులు గంట గంటకీ గమనించి రాసుకుంటే మంచి వేళ దొరుకుతుంది.

కొబ్బరాకు
మాకు చెరువులు లేవు, తోటలే. కానీ తెల్లవారుజామున మామ్మ గొంతు లేవదు. కాఫీ తాగి, స్నానం చేసి, దీపం పెట్టాక ఏడున్నర ఎనిమిదికి తెరుచుకుంటుంది. ఆ టైముకి స్కూలు ఆటోలు.

మైక్‌సెట్_రావులపాలెం
అయితే గొంతు వేళకే చెయ్యి. ఆటో వస్తే ఆగు, వెళ్లాక ఆ చరణం మళ్లీ పాడించు. మోత లేని వేళలో పలకని గొంతు తీసుకుని ఏం చేస్తావు?

మైకుకి ముందు, వెనక ఉంటాయి. నీ మైకు కార్డియాయిడ్ అయితే వెనక నుంచి వచ్చేది బాగా తక్కువ వింటుంది. వీధి వైపు కిటికీకి మైకు వీపు పెట్టు, మామ్మగారి వీపు లోపలి గోడకి ఉండాలి. సీలింగ్ ఫ్యాను మాత్రం ఆపెయ్యాల్సిందే. అది నెత్తి మీద ఉంటుంది, దాన్నించి ఏ మైకూ తప్పించుకోలేదు.

కొబ్బరాకు
మే నెలలో ఫ్యాను ఆపితే 81 ఏళ్ల మనిషి ఏమైపోవాలి బాబాయ్ గారూ?

ముక్తేశ్వరం_అత్తయ్య
పాటకి నాలుగైదు నిమిషాలే కదమ్మా. పాట అవగానే ఫ్యాను వెయ్యి, మంచినీళ్లో పల్చటి మజ్జిగో ఇవ్వు, పది నిమిషాలు కబుర్లు చెప్పు. మళ్లీ ఆపి రెండోది. ఫ్యాను ఆపాక రెక్కలు పూర్తిగా నిలిచేదాకా ఆగు.

హైదరాబాద్‌లో_పాలకొల్లు
నేను స్టూడియోలో పని చేస్తాను, మాది పాలకొల్లు. ఇప్పటిదాకా అందరూ చెప్పింది మంచి దారి. మిగిలిన ముక్కలు చెప్తాను.

ఆ గుయ్యిమనే మోత కరెంటుది. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని మోత 50, 100, 150 దగ్గర వినపడుతుంది. ల్యాప్‌టాప్ ఛార్జరు పీకేసి బ్యాటరీ మీద రికార్డు చేయండి. పోతే ఛార్జరుదే. పోకపోతే గదిలో ట్యూబ్‌లైటు చోకు, ఇన్వర్టరు, ఫ్రిజ్ ఒక్కొక్కటీ ఆపి చూడండి.

లెవెల్ సంగతి. మామ్మగారి చేత ముందు హారతి పాటలో పై స్థాయి పాడించండి, మామూలు మాట కాదు. ఆ పై స్థాయి మీటరు మీద మైనస్ 12 డెసిబెల్స్ దగ్గరికి వచ్చేలా గెయిన్ పెట్టి వదిలేయండి. సున్నా తాకితే గొంతు పగిలినట్టు రికార్డవుతుంది, దాన్ని ఎవరూ బాగుచేయలేరు. తక్కువైతే తర్వాత పెంచుకోవచ్చు. మైకులో 24 బిట్ ఉంటే అది ఎంచుకోండి, 16 బిట్టే ఉన్నా ఏం పర్లేదు.

సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ చాలు, ఉచితం. ప్రతి పాటకి ముందు ఐదు సెకన్లు అందరూ ఊరుకోండి. ఆ ఖాళీ ముక్కని ఎంచుకుని నాయిస్ ప్రొఫైల్ తీసుకుంటే తర్వాత ఆ మోతని పాట మొత్తం మీద తగ్గించవచ్చు. 6 నుంచి 12 డెసిబెల్స్ లోపే తగ్గించండి. ఆశపడి 30 పెడితే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు బుడగలు బుడగలుగా అవుతుంది. 80 హెర్ట్జ్ కింద ఉన్నదంతా హైపాస్ ఫిల్టరుతో కోసేయండి, ఆడవాళ్ల గొంతులో అక్కడ ఏమీ ఉండదు. గది మోత మాత్రం ఆడాసిటీలో పోదు. అది రికార్డులోకి రాకుండా చూసుకోవడమే.

యానాం_కథలు
ఫోన్ మాట ఎవరూ ఎత్తలేదు. నేను రెండేళ్లు పిల్లల కథలు ఫోన్లోనే చదివాను, వెయ్యి రూపాయల లోపు కాలర్ మైకుతో. ఫోన్ మామూలు రికార్డరు తనంతట తనే లెవెల్ పెంచి తగ్గిస్తుంది, మోత తీసేస్తున్నాననుకుని చివరి అక్షరాలు మింగేస్తుంది. మాటకి సరిపోతుంది, పాటకి సరిపోదు. రాగం సాగదీసిన చోట గొంతు లేచి పడుతున్నట్టుంటుంది. డబ్ల్యూఏవీలో (శబ్దాన్ని కుదించకుండా దాచే ఫైలు) తీసే యాప్ పెట్టుకుని, నాయిస్ సప్రెషన్ ఆపేసి, ఏరోప్లేన్ మోడ్‌లో తీస్తే చాలా నయం. చేతిలో మైకున్న ఆవిడకి ఇది అక్కర్లేదు, ఏమీ కొనలేని వాళ్ల కోసం రాశాను.

కండెన్సర్ మైకున్న వాళ్లకి ఒక హెచ్చరిక. మన గోదారి చెమ్మ దానికి పడదు. శ్రావణంలో నా మైకు ఉన్నట్టుండి చిటపటమని మొదలుపెట్టింది. పాడైందనుకుని కొట్టుకు తీసుకెళ్తే కొత్తది కొనమన్నారు. ఇంటికి తెచ్చి మూత గట్టిగా పట్టే డబ్బాలో చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు ఏడెనిమిది వేసి రెండు రోజులు ఉంచాను. బాగైపోయింది. అప్పటి నుంచి దాని ఇల్లు ఆ డబ్బాయే.

తణుకు_తబలా
ఈ చిటపట నాకూ వచ్చింది! వైరు తప్పనుకుని మూడు వైర్లు మార్చాను.

పీచుమిల్లు_పక్కన
అంబాజీపేట దగ్గర అన్నారు కాబట్టి నోరు ఆగట్లేదు. మీ చుట్టూ కొబ్బరి పీచు గుట్టలుగా ఉంది, నాలుగు వేలు పట్టుకుని ఆలోచిస్తున్నారు. మాస్టారు చెప్పిన గాలి దూరే మెత్తటి మందం అంటే పీచే కదా?

నేను మా అబ్బాయి కీబోర్డు గదికి చేశాను. పీచుని రెండు రోజులు ఎండబెట్టి, కర్రతో కొట్టి దుమ్ము దులిపి, గోనె సంచుల్లో నాలుగైదు అంగుళాల మందం వచ్చేలా పరిచి, పరుపు కుట్టినట్టు మధ్య మధ్య దారంతో టాకాలు వేశాను. టాకాలు వేయకపోతే పీచంతా కిందకి జారి పైన ఖాళీ అవుతుంది, మొదటి సంచితో ఆ తప్పు చేశాను. మూడడుగుల వెడల్పు, ఐదడుగుల ఎత్తు, అలాంటివి నాలుగు. వెనక రెండు వెదురు బద్దలు కడితే గోడకి చేరవేసి నిలబెట్టవచ్చు, పని అయ్యాక మంచం కిందకి తోసేయవచ్చు. నాలుగింటికీ కలిపి దారంతో సహా 700 దాటలేదు.

రెండు జాగ్రత్తలు. పీచు నిప్పు పట్టిందంటే ఆగదు, దీపం, అగరుబత్తి దగ్గర పెట్టకండి. దుమ్ము పూర్తిగా దులపకపోతే పెద్దావిడకి దగ్గు వస్తుంది. పైన పాత దుప్పటి ఒకటి చుట్టండి.

భీమవరం_ఫిజిక్స్
పీచు మంచి పదార్థం. గోడకి రెండు మూడు అంగుళాలు ఎడం ఉండేలా ఏటవాలుగా చేరవేస్తే ఇంకా కింది స్థాయి వరకు పనిచేస్తుంది. మామ్మగారి వెనక రెండు, పక్కలకి ఒక్కొక్కటి. కింద టైల్సు మీద బొంత పరవడం మర్చిపోకండి.

కడియం_పూలతోట
నాకు గుడ్ల అట్టలప్పుడు ఈ మాట ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. పీచుమిల్లు గారూ, నేను నర్సరీ మొక్కలకి పీచు పొట్టు వాడతాను, అది పనికొస్తుందా?

పీచుమిల్లు_పక్కన
పొట్టు వద్దు, అణిగిపోతుంది, చెమ్మ లాగుతుంది. పొడవు పీచే కావాలి.

కొబ్బరాకు
వారం అయింది. ఏం జరిగిందో చెప్తాను.

ఛార్జరు పీకగానే గుయ్యి పోయింది. అంతే, అప్పటికప్పుడు. పీచు సంచులు మూడు కుట్టాం, నేనూ అమ్మా. నాలుగోదాని బదులు నర్సాపురం గారి పద్ధతిలో దండెం మీద బొంత. మామ్మ కుర్చీ కింద ఇంకో బొంత. చప్పట్లు కొడితే ఇప్పుడు టప్పుమని ఆగిపోతోంది. నాలుగు వేలల్లో ఖర్చైంది 540. మైకుకి ఎంబ్రాయిడరీ రింగు పెట్టి, నోటికి తిన్నగా కాకుండా కొంచెం పైన, పక్కగా, ఎనిమిది అంగుళాల్లో ఉంచాను. నేను పాడి చూసుకున్నాను. నమ్మలేకపోయాను, రేడియోలోలా ఉంది.

కానీ మామ్మ కూర్చుంటే పాట రావట్లేదు. రెండు చరణాలు పాడి ఆగుతుంది, చేతులు ఒళ్లో పెట్టుకుని నన్ను చూస్తుంది. "ఇలా ఊరికే కూర్చుంటే నాకు పాట తోచదే" అంటుంది. ఆవిడ ఎప్పుడూ ఏదో ఒక పని చేస్తూనే పాడుతుంది. నిన్న చేటలో బియ్యం ఇచ్చాను. అప్పుడు గడగడా వచ్చేసింది, మరిచిపోయానన్న చరణం కూడా! కానీ రికార్డులో బియ్యం జరజర, గాజుల గలగల గొంతు మీద పడి సగం మాటలు తెలియట్లేదు.

రాజోలు_గోదారి
అది తీసేయకండి. బియ్యం ఏరుతూ పాడే మామ్మ అంటే అదే కదా పాట. చేట చప్పుడు లేకుండా వింటే స్టూడియోలో ఎవరో పాడినట్టుంటుంది.

తణుకు_తబలా
నేను ఒప్పుకోను. రేపు మామ్మగారిని అడిగే అవకాశం లేనప్పుడు ఒక మాట అర్థం కాకపోతే ఎవరిని అడగాలి? మా తాతగారి తత్త్వాలు క్యాసెట్లో ఉన్నాయి. తాళాల మోతలో నాలుగు చోట్ల మాట తెలియదు. ఇరవై ఏళ్లుగా ఆ నాలుగు చోట్ల ఏముందో ఇంట్లో ఎవరికీ తెలియదు. ముందు మాట స్పష్టంగా ఉండాలి.

హైదరాబాద్‌లో_పాలకొల్లు
ఇద్దరి మాటా నిజమే, అందుకే రెండూ తీయాలి. చేటతో పాడింది అలాగే దాచండి. మాటలు తెలిసేది ఇంకోటి తీయండి. చేట ఆవిడ ఒళ్లో, మైకుకి చాలా దగ్గర్లో ఉంది. అదే చాపమీద పరిచిన బియ్యమైతే కొంచెం తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు.

ముక్తేశ్వరం_అత్తయ్య
బియ్యం ఎందుకమ్మా, చేతికి పత్తి ఇవ్వు. వత్తులు చేసుకుంటూ పాడతారు. మా అమ్మ అలాగే పాడేది, కార్తీకమాసం ముందు లక్షవత్తులకి కూర్చున్నప్పుడు. పత్తికి చప్పుడేముంటుంది? గాజులు మోచేతి వైపు తోసి పైన ఒక రుమాలు చుట్టు, తీయమని మాత్రం అడక్కు.

మైక్‌సెట్_రావులపాలెం
30 ఏళ్లలో నాకు ఈ ఆలోచన రాలేదు అత్తయ్య గారూ.

నర్సాపురం_లేసు
నేను కూడా ఇక నుంచి లేసు అల్లుకుంటూ పాడతాను. మాకు మోత లేని పని ముందే ఉందిగా.

హైదరాబాద్‌లో_పాలకొల్లు
పాట మొదట్లో మామ్మగారి చేత పేరు, ఊరు, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఎప్పుడు పాడతారో చెప్పించండి. తేదీ మీరు చెప్పండి. ఫైలు పేరు ఎవరైనా మార్చేయొచ్చు, గొంతులో ఉన్నది మార్చలేరు. డబ్ల్యూఏవీలోనే దాచండి. మోనో, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ అయితే నిమిషానికి 8.6 ఎంబీ. వంద పాటలు, నాలుగేసి నిమిషాలు లెక్కేసినా మూడున్నర జీబీ లోపే. మిగిలిన డబ్బుతో రెండు పెన్‌డ్రైవులు కొని, ఒకటి మీ ఇంట్లో, ఒకటి వేరే ఊళ్లో చుట్టాలింట్లో పెట్టండి. మోత తగ్గించి తయారుచేసిన కాపీ వేరు, మొదట తీసింది వేరు. మొదటిదాన్ని ముట్టుకోవద్దు.

ఉండి_చెరువుగట్టు
ఊడుపు పాటలు ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకునేవి కదా. ఒక్కరే ఎలా పాడతారు?

కొబ్బరాకు
మా వీధిలో మామ్మతో కలిసి వరి ఊడ్చినవాళ్లు ఇద్దరున్నారు. వాళ్లని పిలుస్తాను. ముగ్గురికి ఒక మైకు ఎలా పెట్టాలి?

మైక్‌సెట్_రావులపాలెం
ఒకే మైకు చాలు. మామ్మగారు జానెడు దూరంలో, మిగతా ఇద్దరూ ఆవిడకి అటూ ఇటూ రెండడుగులు వెనక్కి. వాళ్ల గొంతు పెద్దదైతే ఇంకో అడుగు వెనక్కి. మీటలు తిప్పకు, మనుషులని జరుపు. గదిలో కొంచెం మోత వచ్చినా ఆ పాటకి బాగానే ఉంటుంది, అది పొలంలో పాట.

కొబ్బరాకు
నిన్న శుక్రవారం పొద్దున్న ఎనిమిదింటికి. మామ్మ ఒళ్లో స్టీలు పళ్లెం, పళ్లెంలో పత్తి. కొంచెం విభూతి వేళ్లకి అద్దుకుని ఒక్కొక్క వత్తి మెలిపెడుతూ కూర్చుంది. గాజులు పైకి తోసి నా రుమాలు చుట్టాను, ఏమీ అనలేదు. ఫ్యాను ఆపి, రెక్కలు నిలిచాక వేలు పెదాల మీద పెట్టి ఐదు లెక్కపెట్టాను. పేరు చెప్పింది, ఊరు చెప్పింది, "మా అత్తగారు నేర్పారు, పెళ్లికూతుర్ని పంపేటప్పుడు పాడతాం" అని చెప్పింది. ఆ అప్పగింతల పాటే. ఆరు నిమిషాలు. ఎక్కడా ఆగలేదు. మైకు ఉన్న సంగతి రెండో చరణానికే మర్చిపోయింది, కళ్లు వత్తుల మీదే. చివరికి ఊపిరి అందక కొంచెం ఆగి, మళ్లీ అందుకుంది. ఆ ఊపిరి కూడా వినపడుతోంది.

హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపించాను. కళ్లు మూసుకుని మొత్తం వింది. అయిపోయాక తీసి నా చేతిలో పెట్టి, "నాలుగో చరణంలో అత్తవారింటికి బదులు పుట్టింటికి అన్నాను, అది తప్పు. ఫ్యాను ఆపు, మళ్లీ పాడతాను" అంది.

ఇప్పుడు అడగాల్సింది ఒకటే. ఆ ఒక్క మాట వరకు కోసి అతికించవచ్చా, మళ్లీ మొత్తం పాడించాలా?

హైదరాబాద్‌లో_పాలకొల్లు
అతకొద్దు. ఊపిరి కలవదు. పాడతానంటున్నారుగా, మొత్తం పాడించండి. మొదటిది కూడా ఉంచండి.

ముక్తేశ్వరం_అత్తయ్య
ముందు కాసిని మంచినీళ్లు ఇవ్వు.